దీపం పెట్టకూడని దేవుడి గది



కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు, ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళు అడిగే సందేహాల్లో ఒకటి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. హాల్లో అందం కోసం వినాయకుడి బొమ్మ పెట్టుకోవచ్చా? టీవీ పక్కన బుద్ధుడి తల పెట్టొచ్చా? మెట్ల కింద ఇత్తడి నటరాజు ఉంటే దోషమా? ఏ దిక్కు, ఎంత ఎత్తు, చెప్పుల స్టాండుకి ఎంత దూరం... ఇలా సాగుతాయి ప్రశ్నలు.

నేను పండితుణ్ణి కాదు, వాస్తు సిద్ధాంతినీ కాదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తీరిక దొరికినప్పుడు మన వీడియోల ఎడిటింగు, ఈ రాతలు. దిక్కుల సంగతి పెద్దవాళ్ళు వీడియోల్లో చెప్తూనే ఉన్నారు కాబట్టి దాని జోలికి పోను. నన్ను పట్టుకున్నది దాని వెనకున్న ఇంకో ప్రశ్న. దేవుడికి సంబంధించిన వస్తువుని ఇంటి అలంకారంగా మార్చుకోవడం అసలు తప్పా, కాదా? తప్పైతే ఎవరి పట్ల చేసిన తప్పు? దేవుడికైతే నష్టం ఏమీ లేదు. చెప్పుల స్టాండు పక్కన ఉన్నా ఆయన దేవుడే.

ముందు ఒకటి చెప్పాలి. మనవాళ్ళు అలంకారాన్ని ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. విష్ణువు అలంకార ప్రియుడు, శివుడు అభిషేక ప్రియుడు అంటారు గానీ, ఆ మాట మా వైపు శివుడికి ఎవరూ చెప్పినట్టు లేరు. శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది. నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి త్రికోటేశ్వర స్వామి దగ్గరికి ప్రభలు కదులుతాయి. ఎనభై అడుగులు దాటినవి కూడా ఉంటాయి. గెడకర్రలు, తాళ్ళు, రంగు గుడ్డలు, దేవుడి బొమ్మలు, వాటి మీద బల్బులే బల్బులు. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు. మిరపకాయ కోతలు మీద పడి, కూలీలు దొరక్క అందరూ తలలు పట్టుకునే రోజుల్లో వస్తుంది శివరాత్రి. అయినా ఊరంతా చందాలు వేసుకుని, నిద్ర మానుకుని ప్రభ కడతారు. తిరనాళ్ళు అయిపోగానే విప్పేస్తారు. ప్రభల దగ్గర వేయించే డాన్సుల గురించి మాత్రం నన్ను అడక్కండి, దానికి ఇంకో పోస్టు కావాలి.

ఇంజనీరు లెక్కన చూస్తే ప్రభ అంత దండగ కట్టడం ఇంకోటి లేదు. దాంట్లో ఎవరూ కాపురం ఉండరు. గాలి వాటంగా వీస్తే గుండె గొంతులోకి వస్తుంది. రెండు రోజుల ముచ్చటకి నెల రోజుల పని. అయినా దాన్ని చూసి "ఇది ఒట్టి డెకరేషన్, భక్తి కాదు" అని మా ఊళ్ళో ఎవరైనా అంటే ఊరుకోరు. ఎందుకంటే ఆ అలంకారం మనుషుల దగ్గర్నుంచి ఏదో తీసుకుంది. డబ్బు తీసుకుంది, నిద్ర తీసుకుంది, చేతులు బొబ్బలెక్కించింది. అది దేవుడి వైపు తిరిగి ఉంది. చూసేవాళ్ళు కూడా ఉన్నారు, పోటీ కూడా ఉంది, పక్క ఊరి ప్రభకన్నా మనది ఒక అడుగు ఎత్తుండాలన్న పంతం బాగానే ఉంది. అవన్నీ ఉండగానే అది సేవ.

సంస్కృతంలో అలంకారం అన్న మాటకి మూలం 'అలం'. అంటే చాలు, సరిపోయింది అని. అలంకారం చేయడమంటే ఒకదాన్ని దాని పనికి సరిపోయేట్టు సిద్ధం చేయడం. పెళ్ళికూతుర్ని సిద్ధం చేసినట్టు, ఊరేగింపుకి స్వామిని సిద్ధం చేసినట్టు. ఇది తెలిశాక నాకు డెకరేషన్ అన్న మాటకీ అలంకారం అన్న మాటకీ మధ్య తేడా కనపడటం మొదలైంది. దేనికి సిద్ధం చేస్తున్నాం? ఎవరి కోసం? ఆ రెండో ప్రశ్నకి జవాబు లేకపోతే అలంకారం సగంలో ఆగిపోయినట్టే.

దీనికి మన నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. అమరావతి. రాజధాని గొడవ కాదు నేను చెప్పేది, పాత అమరావతి, ధాన్యకటకం, కృష్ణ ఒడ్డున ఉన్న మహాచైత్యం.

ఆ స్తూపం చుట్టూ పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ఫలకాలు ఉండేవి. వాటిలో చాలాచోట్ల బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఒక ఖాళీ ఆసనం ఉంటుంది. దాని మీద మెత్త, కింద రెండు పాదాల గుర్తులు, వెనక బోధి చెట్టు. చుట్టూ జనం చేతులు జోడించి ఖాళీ కుర్చీకి నమస్కారం చేస్తుంటారు. ఆ ఆసనం కాళ్ళని, అంచుల్ని, మెత్త మీద గీతల్ని శిల్పి ఎంత ఓపికగా చెక్కాడో చూస్తే, ఇంటి ఫర్నిచర్ మీద ఈ రెండువేల ఏళ్ళలో మనవాళ్ళు పెట్టిన శ్రద్ధ అంతా ఒకచోట కనపడుతుంది. అయితే ఆ కుర్చీ కూర్చోడానికి కాదు, చూసి మెచ్చుకోడానికీ కాదు. అది ఒకరిది. ఆ ఒక్కరు కనపడకపోయినా అది ఆయనదే. మన ఇళ్ళల్లో వ్రతానికి పీట కడిగి, పసుపు రాసి, ముగ్గు వేసి, బియ్యం పోసి కలశం పెడతాం కదా. కలశం పెట్టకముందు ఆ ఒక్క నిమిషం ఖాళీ పీటని ఎవరూ దాటరు. చిన్నపిల్లలు అటు పోయినా కేకలేస్తాం. అదే సంగతి.

ఆ ఫలకాలకి తర్వాత ఏమైందో చూడండి. 1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తుంటే, దిబ్బ తవ్వినప్పుడు రాళ్ళు బయటపడ్డాయి. దొరికినవి దొరికినట్టు కట్టడాలకీ చెరువు మెట్లకీ వాడారు. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించేటప్పటికే చాలా పోయింది. ఆ తర్వాత 1830ల్లో మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే ఇంగ్లీషు అధికారి తాను కట్టించిన కొత్త సంతకి అందంగా ఉంటుందని కొన్ని ఫలకాలు తెప్పించి నిలబెట్టాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసినవి మద్రాసు చేరి, అక్కడ ఎండకీ వానకీ ఏళ్ళకేళ్ళు బయట పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. మిగిలినవి ఎక్కువ భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కొన్ని అమరావతిలో.

ఇందులో ఎక్కువ తప్పు ఎవరిది? మెట్లకి వాడుకున్నవాళ్ళని తిట్టడం తేలిక. కానీ వాళ్ళకి అది రాయి. పూజ ఆగిపోయి కొన్ని వందల ఏళ్ళు అయింది, ఎవరిదో, ఏమిటో చెప్పేవాళ్ళు లేరు. మ్యూజియం వాళ్ళది వేరే లెక్క, ఎవరి వస్తువు ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా తెగని తగాదా. కనీసం గాజు వెనక అది ఏమిటో, ఎక్కడిదో రాసి పెట్టారు. నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది ఆ సంత. ఎందుకంటే ఆయన ఆ ఫలకాలు అందంగా ఉన్నాయని గుర్తించాడు. రాయి అనుకుని కాదు, అందం చూసే తెచ్చాడు. తెచ్చి, కూరగాయల మధ్య, దాని గురించి ఎవరికీ ఏమీ తెలియని చోట నిలబెట్టాడు. చైత్యం చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళ కోసం చెక్కిన రాయి, బేరం ఆడేవాళ్ళ వెనక గోడ అయింది. అందాన్ని తీసుకుని, అందం దేనికోసమో దాన్ని వదిలేశాడు. టీవీ పక్కన బుద్ధుడి తల పెట్టుకునేది కూడా సరిగ్గా ఇదే పద్ధతి. (పైగా తల ఒక్కటే ఎందుకు అమ్ముతారో ఆలోచించారా? పాత గుళ్ళలో విగ్రహం మొత్తం మోసుకుపోలేక తలలు నరికి అమ్ముకున్నవాళ్ళ నుంచి మొదలైన ఫ్యాషన్ అది. బ్యాంకాక్ వెళ్ళినవాళ్ళు బుద్ధుణ్ణి డెకరేషన్‌గా వాడొద్దని పెట్టిన పెద్ద పెద్ద బోర్డులు చూసే ఉంటారు.)

ఇక్కడితో ఆపేస్తే నా పని సులువు. దేవుడి రూపం ఏదీ అందానికి పెట్టుకోవద్దు, పూజకే పెట్టుకోండి అని చెప్పి శుభం కార్డు వేసేయొచ్చు. కానీ అలా అంటే నిమ్మలకుంట వాళ్ళకి నేనేం చెప్పను?

ధర్మవరం దగ్గర ఉంటుంది ఆ ఊరు. తోలుబొమ్మలాట వాళ్ళది. మేక తోలు శుభ్రం చేసి, అద్దంలా పలచన చేసి, చెక్కి, రంగులేసి, వెనక దీపం పెట్టి రాత్రంతా రామాయణం ఆడేవాళ్ళు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, ఆటకి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. అప్పుడు వాళ్ళు అదే తోలు మీద అదే హనుమంతుణ్ణి, అదే సీతమ్మని వేసి లాంప్‌షేడ్లు చేయడం మొదలుపెట్టారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఏ హస్తకళల మేళాకి వెళ్ళినా కనపడే ఆ లాంప్‌షేడు లేకపోతే ఆ చేతుల్లో పని ఉండేది కాదు. రాముణ్ణి బెడ్‌ల్యాంపు చేశారేంటి అని ముక్కున వేలేసుకునే ముందు ఇది కూడా చూడాలి. పైగా తోలుబొమ్మకి ప్రాణం వెనకున్న దీపంలోనే ఉంది కదా. లాంప్‌షేడులో ఆ దీపం ఇంకా ఉంది.

కొండపల్లి బొమ్మలదీ అంతే. తెల్లపొణికి చెక్కతో దశావతారాలు చేస్తారు, పక్కనే అంబారీ ఏనుగు, కల్లుగీసేవాడు, ఎడ్లబండి చేస్తారు. మనం కొనుక్కొచ్చి సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెడతాం. మా ఇంట్లో కొలువు మెట్ల మీద వెంకటేశ్వర స్వామి పక్కన ప్లాస్టిక్ పోలీసు ఉండేవాడు, నా కారు బొమ్మ ఉండేది. పేరంటాళ్ళు వచ్చి అన్నిటికీ కలిపి హారతి ఇచ్చేవాళ్ళు. పోలీసుకి కూడా. పండగ అయ్యాక గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసేవాళ్ళం. ఏడాదంతా అటక మీద ఉన్నందుకు స్వామికి అపచారం అని ఎవరూ అనలేదు.

అంటే మన పద్ధతిలో బొమ్మకీ దేవుడికీ మధ్య గోడ లేదు, తలుపు ఉంది. పసుపు ముద్దని వినాయకుడు అంటాం, ఆవాహన చేస్తాం, పూజ చేస్తాం, చివర ఉద్వాసన చెప్తాం. తర్వాత అది మళ్ళీ పసుపు. కాకపోతే ఆ పసుపుని ఎక్కడపడితే అక్కడ పారేయం, తొక్కని చోట కలుపుతాం. రమ్మని పిలవడానికి ఒక పద్ధతి, వెళ్ళిరమ్మని చెప్పడానికి ఒక పద్ధతి. ఆ రెండూ చేసినంతకాలం పసుపు ముద్ద అయినా, చెక్క బొమ్మ అయినా ఇబ్బంది లేదు. పిలవకుండా కూర్చోబెట్టడం, చెప్పకుండా పంపేయడం... ఇబ్బంది అక్కడ.

నేను ఇదంతా పుస్తకం చూసి ఆలోచించలేదు. గుంటూరులో అమ్మావాళ్ళ ఫ్లాటుకి ఇంటీరియర్ చేయిస్తూ ఆలోచించాల్సి వచ్చింది.

మూడు కొటేషన్లు తెప్పించాను. మూడింటిలోనూ పూజా యూనిట్ ఉంది. తెల్లటి పలక, దాంట్లో మిషన్ మీద కోసిన ఓంకారం, వెనక నుంచి పసుపు లైటు, పక్కన జాలీ తలుపులు, పైన చిన్న చిన్న గంటలు. కంప్యూటర్లో బొమ్మ చూస్తే నిజంగా బాగుంది. అమ్మ కూడా బాగుందనే అంది. తర్వాత అడిగింది, "దీపం ఎక్కడ పెట్టాలమ్మా?" అని.

డిజైనర్ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "నూనె దీపం వద్దు ఆంటీ. లామినేట్ నల్లబడుతుంది, పై షెల్ఫ్ వేడెక్కుతుంది. ఎల్ఈడీ దీపాలు వస్తున్నాయి, అచ్చం వత్తి వెలిగినట్టే ఊగుతాయి. అగరొత్తులు కూడా బాల్కనీలో పెట్టుకుంటే మంచిది."

మూడు చోట్లా ఇదే మాట, మాటలు మాత్రం వేరు. ఆ అమ్మాయిని తప్పు పట్టను, ఆ సామానుకి అది నిజం. మా పనిలో అయితే ఒక ప్రోగ్రామ్ రాసే ముందు దాన్ని ఎవరు, ఏం చేయడానికి వాడతారు అని రాసుకుంటాం. ఆ మొదటి గీత లేకుండా మిగతా అంతా అద్భుతంగా రాసినా అది చెల్లదు. ఈ పూజా యూనిట్లో ఆ మొదటి గీతే లేదు. దేవుడి గది లాగా కనపడాలి అన్న గీత ఉంది. దేవుడికి ఏం చేస్తారు అన్నది లేదు.

మా నాయనమ్మ వాళ్ళ పెంకుటింట్లో దేవుడి గది లేదు. గోడలో దీపం గూడు ఉండేది, అంతే. మిగతా సామాను కూడా ఎంతని? పట్టె మంచం, వసారాలో నులక మంచాలు, తాతయ్య పడక కుర్చీ, ఒక భోషాణం, గోడలకి చిలక్కొయ్యలు. దీపం గూడు పైభాగం నల్లగా, నిగనిగలాడుతూ ఉండేది. ఏటా సంక్రాంతికి ఇల్లంతా సున్నం కొట్టినప్పుడు దానికీ కొట్టేవాళ్ళు. రథసప్తమి నాటికి మళ్ళీ నల్లబడేది. ఆ నలుపుని ఎవరూ మరక అనలేదు. రోజూ ఎవరో ఒకరు అక్కడ నిలబడ్డారని చెప్పే హాజరు పట్టీ అది. ఇప్పుడు మన సామాను అంతా మరక పడకుండా ఉండేట్టు చేసుకుంటున్నాం. మరక పడకూడదు అనుకున్న చోట మనిషి మసలడం కూడా తగ్గుతుంది.

ఇంతా చెప్పి కొత్తవన్నీ చెడ్డవి అనే రకం కాదు నేను. గడపకి పసుపు రాసి బొట్లు పెట్టినట్టు కనపడే స్టిక్కర్లు వస్తున్నాయి కదా, వాటిని చూసి నవ్వేవాళ్ళు చాలామంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వంగి గడప కడగలేదు. స్టిక్కరు వేయించుకుంది, శుక్రవారం మాత్రం ఎలాగో కూర్చుని దాని మీద నాలుగు బొట్లు నిజం కుంకుమతో పెడుతుంది. అది నాకు నాటకం అనిపించదు. ఎల్ఈడీ దీపం కూడా నూనె దీపం పెట్టే వీల్లేని హాస్టల్ గదిలోనో, ఆక్సిజన్ సిలిండర్ ఉన్న ఇంట్లోనో పెట్టుకుంటే ఎవరికి అభ్యంతరం? వీలున్న మనిషికి వీల్లేని గది కట్టించుకోవడమే నాకు అర్థం కాదు.

చివరికి అమ్మే తేల్చింది. వచ్చిన వడ్రంగి మేస్త్రిని పక్కకి పిలిచి, "బాబూ, ఆ వెనక పలక వద్దు, వంటింటికి వేసే టైలే వెయ్యి. కింద చెక్క మీద నల్ల గ్రానైట్ ముక్క పరువు. పైన తలుపు వద్దు, పొగ పోవాలి" అంది. మిగిలిపోయిన గ్రానైట్ ముక్కే వేశాడు, దానికి డబ్బులు కూడా తీసుకోలేదు. బొమ్మలో ఉన్నంత అందంగా లేదు. దీపం పెట్టొచ్చు.

అసలు చిక్కు వచ్చింది పటాల దగ్గర. అమ్మ దగ్గర పధ్నాలుగు పటాలు ఉన్నాయి. తిరపతి నుంచి తెచ్చినవి, పెళ్ళికి ఎవరో ఇచ్చినవి, మంగళగిరి నరసింహ స్వామి, కేలండర్ చించి ఫ్రేము కట్టించినవి. ఫ్రేములు ఒకదానికొకటి పొంతన లేదు. కొత్త గోడ రంగుకి ఏవీ నప్పవు. "రెండు మూడు పెట్టుకోండి ఆంటీ, మిగతావి తీసేయండి, నిండుగా ఉంటే ఇరుకుగా కనపడుతుంది" అంది డిజైనర్ అమ్మాయి.

తీసేసి ఏం చేయాలి? మనందరికీ తెలిసిన పద్ధతే. కాలవ గట్టు మీద రావిచెట్టు మొదట్లో పెట్టేసి, వెనక్కి చూడకుండా వచ్చేయడం. గుంటూరు చుట్టుపక్కల ఏ రావిచెట్టు కింద చూసినా కుప్పలు ఉంటాయి. వానకి తడిసి బొమ్మ ఉబ్బి, అద్దం పగిలి, లక్ష్మీదేవి మొహం మీద చీమలు. చెత్తలో వేయలేక చెట్టు దగ్గర వేశాం, అది భక్తే. కానీ చెట్టు దగ్గర కూడా అది చెత్తే, చెప్పులు లేకుండా వచ్చిన పిల్లాడి కాలికి గుచ్చుకునే గాజు. మనం భయంతో చేసినదాన్ని శుభ్రం చేసేది మాత్రం మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులు, గ్లవుజులు కూడా సరిగా లేని చేతులతో.

ఈ కాగితం పటాలకి ఒక చరిత్ర ఉంది. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టించి లక్ష్మీ సరస్వతుల్ని అచ్చు వేయించాక దేవుడు మామూలు ఇళ్ళ గోడల మీదికి వచ్చాడు. అప్పటికి గుడి గడప దాటనివ్వని కులాలు ఎన్నో. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అంటే అర్ధ శతాబ్దం పాటు ఎంతోమందికి దేవుణ్ణి ఎదురుగా నిలబడి చూసే దారి అచ్చు కాగితమే. ఆ కాగితాన్ని పాత ఫ్యాషన్ అని తీసిపారేసే ముందు కొంచెం ఆగాలనిపిస్తుంది నాకు. మంచి రంగు గోడ మీద ఒకే ఒక్క ఇత్తడి బొమ్మ పెట్టుకోవడం ఇప్పుడు రుచి, సంస్కారం. పధ్నాలుగు పటాలు పెట్టుకోవడం పల్లెటూరితనం. ఈ తీర్పు దేవుడిది కాదు, డబ్బుది.

అయినా పధ్నాలుగూ పెట్టే చోటు లేదు, అది కూడా నిజం. అమ్మ రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు ఉదయం స్నానం చేసి, తొమ్మిది పటాలు కింద పరిచి, ఒక్కో దానికి బొట్టు పెట్టి, పువ్వు పెట్టి, హారతి ఇచ్చింది. వెళ్ళిరండి అని చెప్పుకుంది. తర్వాత నన్ను స్క్రూడ్రైవర్ తెమ్మంది. ఇద్దరం కూర్చుని ఫ్రేములు విప్పాం. అద్దాలు వేరుగా పేపర్లో చుట్టి సామాన్లవాడికి ఇచ్చాం, పగిలినవి దేంట్లో ఉన్నాయో చెప్పి మరీ. చెక్క ఫ్రేములు మేస్త్రి పట్టుకెళ్ళాడు. కాగితాలు బకెట్లో నానబెట్టి, రెండు రోజులకి ముద్దయ్యాక, వేపచెట్టు పాదులో లోతుగా గొయ్యి తీసి కప్పెట్టాం. ఇది శాస్త్రం ఒప్పుకుంటుందా అని మన చానల్ పెద్దాయన్ని అడిగాను. ఆయన నవ్వి, "ఉద్వాసన చెప్పింది కదా, ఇంక నువ్వెందుకు కంగారు పడతావు" అన్నారు.

పధ్నాలుగులో నాలుగు పూజ దగ్గర ఉన్నాయి. మిగిలింది ఒకటి.

అది కమిషన్ కొట్టు వాళ్ళు ఇచ్చిన పాత లక్ష్మీదేవి కేలండరు. కింద తేదీల కాగితాలు లేవు, కొట్టు పేరు సగం చిరిగిపోయింది. దాన్ని ఎప్పుడూ పూజలో పెట్టలేదు, తీసేయనూ లేదు. "ఇదెందుకమ్మా?" అన్నాను.

"అది మీ నాయనమ్మ ఇచ్చింది రా. పత్తికి తెల్లదోమ వచ్చి అందరూ మునిగిపోయిన యేడు. మందులకి తెచ్చిన అప్పులు తీర్చలేక మనుషులు ఆ మందే తాగి చచ్చిపోయిన యేడు."

1987 సంగతి అది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు మొదటిసారి రాష్ట్రమంతా వినపడ్డ కాలం. నేను పుట్టడానికి చాలా ముందు.

"ఆ యేడు ఉగాదికి తాతయ్య కొట్టుకి వెళ్ళాడంట, బాకీ గడువు అడగడానికి. ఆయన పద్దు పుస్తకం తీయలేదంట. టీ ఇప్పించి, కేలండరు చేతిలో పెట్టి, వచ్చే యేడు చూద్దాంలే పొమ్మన్నాడంట. తాతయ్య ఇంటికి వచ్చి ఫ్రేము కట్టించాడు."

"అయితే దేవుడి దగ్గర పెడదామా?"

"దేవుడి దగ్గర ఎందుకు? అది పూజకి కాదు."

"హాల్లో పెడదామా మరి?"

"హాల్లో ఎవరికి చూపిస్తావు?"

నా రెండు డబ్బాల్లో ఏ డబ్బాలోనూ పట్టలేదు ఆ పటం. పూజకి కాదు, అందానికి కాదు. ఒక మనిషి ఇంకో మనిషిని ఒక యేడు బతకనిచ్చిన గుర్తు. ఆ కొట్టు ఆయన ఎవరో, పిల్లలు ఎక్కడున్నారో మాకు తెలియదు. బాకీ తాతయ్య తీర్చేశాడనే విన్నాను. బాకీ తీరినా పటం ఉంది. అమరావతి ఫలకాల మీద ఖాళీ ఆసనం లాంటిదే ఇది కూడా అనిపించింది నాకు, కూర్చున్న మనిషి కనపడడు గానీ ఆ చోటు ఆయనదే. ఈ మాట పైకి అంటే అమ్మ నవ్వుతుందని అనలేదు.

ఆ పటం ఇప్పుడు వంటింట్లో, బియ్యం డబ్బా పైన గోడకి ఉంది. పని పూర్తయ్యాక డిజైనర్ అమ్మాయి వాళ్ళ పేజీలో పెట్టుకోవడానికి ఫోటోలు తీసుకుంటానని వచ్చింది. హాలు తీసింది, బెడ్‌రూములు తీసింది. వంటింట్లోకి వచ్చి, "ఇది కాసేపు తీస్తామా ఆంటీ?" అని అడిగింది. అమ్మ తీసి చేత్తో పట్టుకుని నిలబడింది. ఫోటోలు అయ్యాక మళ్ళీ తగిలించింది. కొంచెం వంకరగా ఉంది, ఈసారి ఊరెళ్ళినప్పుడు సరిచేయాలి.